ఎనిమిదిన్నర గజాలు

కోయిలకుంట్ల, 1955 వేసవి. గోపన్న బట్టల అంగడి. అరుగు మీద బుడేన్ సాహెబ్ కుట్టుమిషను. మధ్యాహ్నం, బేరాలు లేని వేళ.

“చూడు, మళ్ళా చూడు. ఈ కొత్త చీర కొస నేను పట్టుకుంటా, నువ్వు కొలువు.”

“కొలిచినా కదా వదినా.”

“ఎంత?”

“ఏడు గజాలు.”

“పన్నా?”

“వెడల్పు నలభై అయిదు అంగుళాలు.”

“ఇప్పుడు ఇది కొలువు.”

“ఇది పాతది వదినా. అతుకులేసిన చీర. దీన్ని కొలిచి ఏం చేసేది?”

“అతుకుల్ని కొలవాకప్పా గోపన్నా, చీరను కొలువు.”

“...ఎనిమిదిన్నర.”

“పన్నా?”

“ముప్పై ఆరు.”

“రెండూ నీ అంగట్లోవేనా?”

“ముద్ర ఉండాది కదా.”

“ఉండాది. రెండిటికీ నీ అంగడి ముద్రే ఉండాది. అందుకే అడుగుతాండా. మా ఆయన ఈరప్ప బతికున్నన్నాళ్ళు నీ అంగడి చీర ఎనిమిదిన్నర గజాలు వచ్చేది, చీలమండ దగ్గర నిలిచేది. ఆయన పోయి రెండేండ్లాయె. ఈ రెండేండ్లలో నాలుగు చీరలు కొంటి. నాలుగూ ఏడు గజాలే. నడుము చుట్టూ తిరిగేసరికి కుచ్చిళ్ళకు మూడు మడతలు మిగుల్తాయి. కింద చూస్తే జానెడు నేలన పారాడుతాది. ఆ జానెడు ఎత్తి నడుములో దోపుకుంటే, ఉండే నడుముకు తోడు ఇంకో నడుము. చుట్టూ చాలదు, కిందికి మిగుల్తాది. ఎవరికప్పా నువ్వు అమ్మేది ఈ చీరలు? గుంజలకా?”

“అందరూ కొంటానే ఉండారు వదినా.”

“అందరూ పొడుగ్గా సన్నంగా ఉండారా?”

“అందరూ అంటే... మధ్యరకం.”

“నేను ఏ రకం?”

“...నూలు కంట్రోలు వచ్చె కదా వదినా, అప్పట్నుంచి నేత—”

“కంట్రోలు ఎప్పుడో ఎత్తేసిరి. కంట్రోల్లో ఊరంతా గుడ్డ లేక అల్లాడుతాంటే నాకు ఎనిమిదిన్నర గజాలు వచ్చింది.”

“మళ్ళా రాష్ట్రం విడిపాయె. మద్రాసు నుంచి సరుకు రావాలంటే—”

“కర్నూలు రాజధాని అయితే నా చీరకు గజమున్నర తగ్గుతాదా?”

“తగ్గుతాదని కాదు...”

“సాహెబూ, ఆ మిషను ఆపు.”

“ఈ ఒక్క వరస అమ్మా.”

“ఏ వరస? సూది కింద గుడ్డ లేదు.”

“...నూనె వేసినానమ్మా. ఇంకాలని తిప్పుతాండా.”

“ఇంకినాక ఆపు. నీతో కూడా పని ఉండాది.”

“వదినా, ఇంత ఎండన ఈ మూట మోసుకొని నువ్వు రావాల్నా? కబురు పెడితే నేనే వస్తాను కదా. ఏమంత తొందర?”

“రేపు పంచాయతీ మీటింగు ఉండాది.”

“అవునంట.”

“అవునంట ఏంది? పోయిన మీటింగులో ఏమైందో నీకు తెలీదా?”

“...రవంత విన్నా.”

“ఎంత విన్నావు?”

“నువ్వు లేచినావని. లేచి మాట్లాడబోయి...”

“పడితిని. చెప్పు, ఏమీ కాదు. నా కుచ్చిళ్ళు నేనే తొక్కి పడితిని. పడేటోళ్ళు నేలన పడతారు. నేను గుమాస్తా బల్ల మీద పడితి. సిరాబుడ్డి బోర్లపడి గుమాస్తా పంచె నీలమాయె. ఆ పంచెను చూసి మీటింగు వాయిదా వేసిరి. నన్ను చూసి కాదు.”

“నేను నవ్వలేదు వదినా.”

“నువ్వు నవ్వలేదు. నీ బామ్మర్ది నవ్వినాడు. ప్రెసిడెంటు అయితే ‘కూర్చోమ్మా, కూర్చోనే చెప్పు’ అనె. కూర్చుంటే నేను బల్లకు అవతల ఉండేటోళ్ళకు కనపడను. ఆయన పోయినాక ఆయన సీటు నాకెందుకిచ్చిరి? గమ్మున కూర్చుంటాదని ఇచ్చిరి.”

“అట్లేం లేదు...”

“ఉండాది. తొమ్మిది మందిమి. కిందివీధిలో బాయి తవ్వాలని నలుగురు, వద్దని నలుగురు. నేను లేచి చెయ్యెత్తితే కిందివీధికి నీళ్ళు. లేకపోతే ఇంకా మైలు దూరం నడుస్తారు ఆ ఆడోళ్ళు. ఎత్తాలంటే ముందు లేవాల, లేచి నిలబడాల, చెయ్యి ఎత్తాల. లేస్తే చీర కాలి కింద. ఎత్తితే రవిక చంకలో పట్టు. పోయినసారి పడేముందే చంకలో కుట్టు పటుక్కుమనింది. అది ఎవరూ వినలేదు, సిరాబుడ్డి మేలు.”

“వదినా, ఒక పని చెప్తా. రేపు పోకు. ఒంట్లో బాగలేదని చీటీ రాసి పంపు.”

“చీటీ రాసుకునే వచ్చినా. ఇట్ల నగుబాటు అయ్యేకంటే సీటు వదులుకుంటానని రాసినా. రేపు చీటీ ఇచ్చేదా, చెయ్యెత్తేదా అని ఈ పొద్దు తేలాల.”

“నా అంగట్లోనా తేలేది?”

“నీ అంగట్లోనే. ఎట్లంటావా? రేపు నేను లేస్తే రెండు మాటలు చెప్తా. మొదటిది కిందివీధికి బాయి. రెండోది గోపన్న గజం.”

“నా గజమా?”

“ఒకే అంగడి, ఒకే ముద్ర. మొగోడు కొంటే ఎనిమిదిన్నర, మొగుడు పోయిన ఆడది కొంటే ఏడు. గజమున్నర యాడికి పాయె అని పంచాయతీలో అడుగుతా.”

“వదినా! ముప్పై ఏండ్ల అంగడి. మా నాయన పెట్టిన అంగడి. ఇదో గజంబద్ద, ప్రభుత్వం ముద్ర ఉండాది, చూసుకో. అంగుళం తేడా ఉంటే అంగడి నీకు రాసిస్తా.”

“బడి అయ్యవారి గజంబద్ద తెచ్చినా. రెండూ పక్కన పెట్టు.”

“...పెట్టినా. చూడు. వెంట్రుక తేడా లేదు.”

“లేదు.”

“చూసినావు కదా.”

“చూసినా. గజం సరిగ్గానే ఉండాది. అంటే చీర కోసినావు.”

“చీరను ఎట్ల కోస్తా వదినా? ఈ పక్క కొంగు, ఆ పక్క అంచు. మధ్యలో కోసి అతికిస్తే తెలియదా? చీర మగ్గం మీదనుంచి ఎట్ల దిగుతాదో అట్లే అమ్ముతా.”

“ఏడు గజాలే దిగుతాదా?”

“ఏడే దిగుతాది. ఈ పక్క ఊర్లన్నీ తిరుగు, ఏ అంగట్లో చూసినా ఏడే.”

“ఎప్పట్నుంచి?”

“ఎప్పుడూ ఏడే.”

“అయితే నేను పందొమ్మిదేండ్లు కట్టుకున్న ఎనిమిదిన్నర యాడనుంచి వచ్చింది?”

“ఉండు వదినా, ఈ గజంబద్ద లోపల పెట్టొస్తా.”

“గోపన్నా.”

“దప్పిక అవుతాంది వదినా. మజ్జిగ తెప్పించేదా?”

“వద్దు. సాహెబూ, నూనె ఇంకిందా?”

“ఇంకిందమ్మా.”

“అయితే నువ్వు చెప్పు. పెండ్లయినప్పట్నుంచి నా రవికలు కుట్టింది ఎవరు?”

“నేనే అమ్మా.”

“ఎప్పుడైనా నన్ను చూసి కొలిచినావా?”

“తౌబా! ఆడోళ్ళకు టేపు పెట్టే దర్జీని కాదమ్మా నేను. మీ ఇంటినుంచి ఆది రవిక వస్తాది. దాన్ని చూసి కుడతా.”

“ఏ ఆది రవిక?”

“మీ పెండ్లిదమ్మా. పసుపుపచ్చది. చేతికి జరీ.”

“పెండ్లినాటి నుంచి అదే వస్తాందా?”

“అదే అమ్మా. ఈరప్ప ఉన్నన్నాళ్ళు ఈరప్ప తెచ్చె. ఇప్పుడు మీ మరిది తెస్తాండాడు.”

“ఆది ఒకటే. కుట్టే చెయ్యి ఒకటే. పందొమ్మిదేండ్లు సరిపోయిన రవిక ఈ రెండేండ్లు ఎందుకు పట్టేస్తాంది?”

“...దారం మారిందమ్మా.”

“దారమా?”

“సాహెబూ, నువ్వు గమ్మునుండు.”

“ఉంటా గోపన్నా. ఈమె ఉండనిస్తే ఉంటా.”

“ఉండనియ్యను సాహెబూ. రేపు నీ పేరు కూడా చెప్పమంటావా? గుడ్డ మిగిలించుకోడానికి చంక బిగించి కుడతాండాడని?”

“అల్లా మీద ఆన! పిసరంత గుడ్డ దాయలేదమ్మా. ఇంక దాచిపెట్టలేను. గోపన్నా, నువ్వు ఏమన్నా అనుకో. అమ్మా, ఈరప్ప ఆది రవిక ఇచ్చి, పోతా పోతా ‘ఒక వేలు వదులు సాహెబూ, ఆమెకు చెప్పాకు’ అనేవాడు. మరుసటి ఏడు మళ్ళా ‘ఇంకో అరవేలు’ అనేవాడు. పోయేనాటికి ఆదికీ రవికకూ నాలుగు వేళ్ళు తేడా వచ్చె.”

“నాలుగు వేళ్ళు.”

“నాలుగే అమ్మా. కొందరికి ఎనిమిది కూడా—”

“ఆ లెక్క వద్దు. ఇప్పుడు ఎందుకు వదల్లేదు?”

“మీ మరిది ఆది ఇచ్చి పోతాడు. నోరు తెరవడు. ఆది ప్రకారం కుడితి.”

“చాలదని నీకు తెలుసు కదా?”

“తెలుసమ్మా.”

“తెలిసి?”

“చెప్పే మనిషి చెప్పకుండా నాకు నేనే వదిల్తే, నేను మీ ఒళ్ళు చూసి లెక్క కట్టినట్టు అవుతాది కదమ్మా. ఇంటి మొగోడు చెప్తే అది ఇంటి లెక్క. నేను చెప్తే తప్పు లెక్క.”

“...అందుకని పంచాయతీలో రవిక చిరిగినా ఏమీ కాదు.”

“చిరిగితే దారం తప్పు అమ్మా. వదిల్తే నా తప్పు.”

“చెప్పేసినావు కదా సాహెబూ! ఇద్దరం కలిసి వేసిన ఒట్టు.”

“చంక వరకే చెప్పినా గోపన్నా. చీర నీది.”

“చెప్పప్పా గోపన్నా. సాహెబు రవిక సంగతి చెప్పినాడు. ఇంక చీర మిగిలింది.”

“...నీకు పెండ్లయిన నెలకు నేను మూట మోసుకొని మీ ఇంటికి వస్తి. అంగడి అప్పుడు మా నాయనది. మూటలో ఏడు చీరలు. ఏడూ లోపలికి తీసకపోయి కట్టి చూసుకుంటివి. ఒక్కటీ సరిపోలా. మీ అత్త ఏమనిందో గుర్తుందా?”

“లేదు.”

“‘బట్టకు పనికిరాని కోడల్ని తెచ్చుకుంటిమి’ అనింది.”

“గుర్తుంది.”

“ఈరప్ప పంచలో చెప్పులు తొడుక్కుంటాండె. ఒక కాలికి తొడిగి ఆగిపాయె. నాలుగు దినాలకు అంగడికొచ్చె. ‘నేసేది మనుషులే కదా గోపన్నా, పన్నా తగ్గించి పొడుగు పెంచి నెయ్యమంటే నెయ్యరా?’ అనె. నేను అంటి, ఒక్క మనిషి కోసం మగ్గం మార్చరప్పా అని. ఆయన ఎమ్మిగనూరు పాయె. నేసేటాయన్ని ఒకాయన్ని పట్టె. ఒక పడుగు పోస్తే నాలుగు చీరలు. నాలుగూ తెచ్చి నా అటక మీద పెట్టె. ‘నీ ముద్ర వెయ్యి. ఉగాదికొకటి, దసరాకొకటి నీ అంగట్లో కొన్నట్టు తీసకపోతా. అంగట్లో చీర ఇంతే వస్తాదని చెప్పు’ అనె. వేస్తి. పందొమ్మిదేండ్లు నా ముద్ర వేసి నాది కాని సరుకు పంపితి. నాకు మిగిలింది ముద్ర సిరా ఖర్చు.”

“పడుగు అయిపోతే?”

“మళ్ళా పోయేవాడు. పత్తి అమ్మబోతాండానని ఇంట్లో చెప్పి పోయేవాడు.”

“మాకు పత్తిచేను లేదు కదప్పా.”

“లేదు. నువ్వు అడిగింది కూడా లేదంట. ‘అడుగుతాదేమో అని భయం గోపన్నా, ఒక్కనాడూ అడగదు, అమాయకురాలు’ అనేవాడు.”

“అమాయకురాలు అనె.”

“అదే మాట అనె. జబ్బు పడినాక ఒకసారి పిలిచె. అటక మీద ఇంకొక్కటే ఉండాదని చెప్తి. ‘అది కూడా ఇయ్యి. తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం, ఆమెకు మాత్రం తెలియనీయకు. తను మారలేదని అనుకుంటాండాది’ అనె. చేతిలో చెయ్యి వేయించుకొనె. ఇదో, ఈ అతుకుల చీరే అది. తర్వాత ఏం చేసేది? ఏడు గజాలది ఇస్తి. కంట్రోలు అంటి, మద్రాసు అంటి. ఈ పొద్దు ఒట్టు తప్పితి. ఇంకేం దాయలేదు వదినా. నన్ను పంచాయతీలో దొంగను చేయాకు.”

“చెయ్యను. నీ గజం మాట ఎత్తను.”

“ఎత్తవు కదా?”

“నీ గజం మీద నాకు ఎన్నడూ అనుమానం లేదు. సాహెబూ, ఈ రవిక పట్టుకో. కుట్టు విప్పి చంకలో నాలుగు వేళ్ళు వదులు. లోపల గుడ్డ ఉంచే ఉంటావు కదా?”

“ఉంచినానమ్మా. చెప్తారేమో అని ఉంచినా.”

“చెప్పే మనిషి ఈ పొద్దు నుంచి నేనే. ఆది రవిక ఇంక రాదు. పొద్దుగూకేలోగా ఇయ్యి.”

“ఇప్పుడే అమ్మా. కూర్చోండి.”

“చీటీ చింపేస్తావు కదా వదినా?”

“చింపేస్తా. గోపన్నా, ఎమ్మిగనూరులో ఆ నేసినాయన పేరేంది?”

“ఎందుకు వదినా? కథంతా చెప్తి కదా, పేరొక్కటీ ఉండనీ. అది కూడా చెప్తే ఈరప్పకు ఇచ్చిన మాటలో నాకు ఏం మిగిలింది?”

“నువ్వు చెప్పిన కథంతా నాకు రెండో చీరకే తెలుసప్పా. నీ ముద్రే ఉండే మా ఆడబిడ్డ చీర ఒకనాడు కట్టి చూసుకున్నా, తెలిసిపాయె. నాకు తెలుసని ఆయనకు తెలియకుండా పద్దెనిమిదేండ్లు కట్టుకున్నా, అందుకే నేసేది ఎవరని అడగడానికి లేకపాయె. నిన్ను మర్యాదగా అడిగితే మద్రాసు అంటివి. రేపటికి ఈ అతుకులది చాలు, ఉతికే తెచ్చినా. పదవి ఇంకా మూడేండ్లు ఉండాది. పేరు చెప్పు.”