ఏడో గుంపు

లుహాంగా నోరు తెరిచాడంటే మినీబస్సు కూడా బయల్దేరడం మరిచిపోతుందని రుంఫీ స్టాండులో ఒక మాట ఉంది. ఆ ఉదయం అతను న్యాచిర్వా టీకొట్టు బల్ల మీద కూర్చుని, వేడి మండాసీ తుంచి టీలో ముంచుకుంటూ, చిపాలా ఊరివాళ్ళు మళ్ళీ తననే పిలిచారని మొదలుపెట్టాడు. ఊళ్ళల్లో మీటింగులు నడిపించడం అతని పని. న్యాచిర్వా అతని కోతలు చాలానే విన్నది. అయినా నూనెలో మండాసీలు తిప్పుతూ ఓ చెవి అటు పడేసింది.

చిపాలాలో వాగుకి ఇటొక పేట, అటొక పేట. కాలువ తవ్వితే పంట పండుతుందని వీళ్ళు, సమాధులు తెగిపోతాయని వాళ్ళు. ఆనవాలుకి రాయి కూడా లేని పాత సమాధులు. కిందటిసారి రెండు పేటల వాళ్ళూ మీటింగుకి కత్తులతోనే వచ్చారట.

"బల్ల వెనకాల కూర్చుంటే దొరవి, గుండ్రంగా కూర్చుంటే చుట్టానివి. అదీ కిటుకు," అన్నాడు లుహాంగా, మినీబస్సు డ్రైవరు జేరేతో. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఓ కర్ర ఇచ్చి, అది చేతిలో ఉన్నవాడే మాట్లాడాలన్నాడట. కత్తులు వాటంతటవే నేలకి దిగాయట. కాసేపటికి కుక్కలు కూడా కర్ర కోసం చూస్తూ మొరగడం మానేశాయట. మేకలు వరసలో నిలబడ్డాయట. వాగు అవతల నుంచి వస్తున్న గాలి, తన వంతు రాలేదని అక్కడే ఆగిపోయిందట.

చిపాలా బస్సు నిండేదాకా జేరేకి వేరే పని లేదు. "గాలికి కూడా కర్ర ఇవ్వకపోయారా బావా?" అన్నాడు. అవతలి బల్ల మీద, మెడ దాకా చితెంజే గుడ్డ కప్పుకున్న ఒకావిడ మాత్రం నవ్వలేదు.

"నవ్వకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?" లుహాంగా గొంతు తగ్గించాడు.

మధ్యాహ్నం అందర్నీ ఆరు గుంపులు చేశాడట. తలెత్తి చూస్తే ఏడు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టినా ఏడే. ఏడో గుంపు దూరంగా, వీపులు ఇటు తిప్పి కూర్చుంది. అందరూ ఆడవాళ్ళే. బట్టలు మోకాళ్ళ దాకా తడిసి, పాదాలకి పచ్చిమట్టి. వాళ్ళ చుట్టూ సన్నగా పొగ. ఒక్కళ్ళూ మాట్లాడట్లేదు. సమాధుల్లోంచి లేచి వచ్చారని తనకి అప్పుడే అర్థమైందట.

"వాళ్ళకి భోజనం పెట్టారా మరి?" జేరే అడిగాడు గానీ, గొంతులో వెటకారం తగ్గింది. న్యాచిర్వా చేతిలో గరిటె ఆగింది.

"అందరూ తిన్నాక చూస్తే, వాళ్ళ ముందున్న న్సీమా ముద్దలు ముట్టినట్టే లేదు."

ఇంకా ఉంది. మామిడి చెట్టు కింద ఒక ముసలాయన, అంత ఎండలో సైనికుల ఉన్ని కోటు తొడుక్కుని, పొద్దుట్నుంచి చెయ్యి ఎత్తే ఉన్నాడట. రెప్ప వెయ్యడు. నీడ లేదు. చచ్చిపోయినవాళ్ళకి పెద్ద ఆయనే. తను ధైర్యంగా వెళ్ళి కర్ర అందిస్తే, ఆ వేళ్ళు వాగులో రాయిలా చల్లగా తగిలాయట. ముసలాయన లేచి, తవ్వుకోండి నాయనా, మేం జరుగుతాం అన్నాడట. మంచం మీద మనిషి ఒత్తిగిలినట్టు కాళ్ళ కింద నేల ఒక్కసారి కదిలిందట. సమాధులన్నీ పక్కకి జరిగాయట. సాయంత్రానికి రెండు పేటలూ కలిసి కాలువ ఒప్పందం మీద వేలిముద్రలు వేశాయట.

స్టాండులో ఎవరో హారన్ కొడితే న్యాచిర్వా ఉలిక్కిపడింది.

"చెట్టు కింద కూర్చున్నవాడికి నీడెక్కణ్ణుంచి వస్తుందయ్యా?"

ఆ మాట అన్నది చితెంజే ఆవిడ. లుహాంగా ఆమె వైపు తిరిగాడు.

"ఆయన మా మామ. చలిజ్వరంతో ఉన్నాడు, అందుకే కోటు. అప్పటికి బతికే ఉన్నాడు." ఆమె గొంతు పెంచలేదు. "మీరు ఆయనకి కర్ర ఇవ్వలేదు. చెయ్యెత్తినప్పుడల్లా, ఆఖర్న మాట్లాడుదువులే తాతా అన్నారు. ఆఖర్న మీరే మాట్లాడారు."

లుహాంగా ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. "ఏడో గుంపు మేమే. మీ భోజనాలకి వాగులోంచి నీళ్ళు మోశాం. పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాం. మమ్మల్ని గుంపుల్లోకి రమ్మని ఎవరూ పిలవలేదు. వంట చేసి చేసి తినబుద్ధి కాలేదు."

"సమాధులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదన్నారు కదా," అన్నాడు లుహాంగా మెల్లగా.

"ఆయనకి తెలుసు. ఆ నెలలోనే పోయాడు. తర్వాత కాలువ తవ్వారు. మా అత్త ఎముకలు ఈ చేతుల్తో ఏరుకున్నాను." ఆమె చేతులు చితెంజే లోపలికి లాక్కుంది. "నీళ్ళు వదిలారు. రెండు పేటల్లో ఎవరూ తాగట్లేదు. పశువులు కూడా గట్టు దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి."

జేరే గ్లాసు పెట్టేసి వెళ్ళి బస్సు స్టార్ట్ చేశాడు. ఇక రెండు సీట్లే ఉన్నాయి, పక్కపక్కన. ఆమె లేచింది. లుహాంగా లేవలేదు.

"మీటింగు పెట్టమనే కదమ్మా నన్ను పిలిచింది?" అన్నాడు చివరికి.

"మీటింగు మేం పెట్టుకుంటున్నాం. మిమ్మల్ని కూర్చోడానికి పిలిచాం."

అతను సగం తిన్న మండాసీ వదిలేసి ఆమె వెనకాలే బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా న్యాచిర్వా చూస్తూనే ఉంది. కిటికీ పక్కన లుహాంగా నోరు మూసుకునే కూర్చున్నాడు. ఆవిడేదో చెప్తోంది.