వాగులో కొత్తనీరు

నా పేరు గుబ్బల దొరబాబు. తండ్రి పేరు చిట్టియ్య. వయసు నలభై మూడు. పుట్టింది రాజోలు దగ్గర లంకలో. పదహారేళ్లుగా గోకవరంలో ఉంటూ సొంత జీపు నడుపుతున్నాను. మారేడుమిల్లి అడవి చూడవచ్చేవాళ్లను తిప్పడం నా పని. మొన్న ఆదివారం వరకు నా బండెక్కిన మనిషికి ఏమీ జరగలేదు.

2003 ఆగస్టు 10, ఆదివారం ఉదయం 6.20కి రాజమండ్రిలో ముగ్గురిని ఎక్కించుకున్నాను. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే సాంబశివరాజు గారు, ఆయన భార్య సూర్యావతి గారు, తమ్ముడు శ్రీనివాసరాజు గారు.

నేను తాగి ఉన్నానని, జాగ్రత్తలేవీ చెప్పలేదని శ్రీనివాసరాజు గారు ఫిర్యాదు ఇచ్చారు. బండి తోలే రోజు నేను తాగను. జాగ్రత్తలు గోకవరంలో టిఫిన్ దగ్గరే చెప్పాను. ఎండ కాసినా అడవిలో నేల ఆరదు, చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకోవాలి. ప్యాంటు మేజోళ్లలోకి దోపుకోవాలి. జలగ పడితే పీకకూడదు, ఉప్పు అద్దితే ఊడిపోతుంది. తేనెపట్టు ఉన్నచోట సిగరెట్ వెలిగించకూడదు. తెలియని తీగ పట్టుకోకూడదు. నాలుగింటికల్లా తిరిగి జీపులో ఉండాలి.

"ఏంటి దొరబాబూ, అడవికా, మిలిటరీకా?" అని సాంబశివరాజు గారు నవ్వారు.

"ఆయన చెప్పింది వినండి. ఇది మీ చెరువుగట్టు కాదు," అన్నారు సూర్యావతి గారు. ఉప్పు పొట్లం ఆవిడే కొని చీర కొంగున కట్టుకున్నారు.

మధ్యాహ్నం 1.10కి చింతూరు రోడ్డులో, మారేడుమిల్లి దాటి పదకొండో కిలోమీటరు దగ్గర బండి ఆపాను. రోడ్డు కింద వాగు ఉంది. నీళ్లు మోకాలి లోతు, అడుగున గులకరాళ్లు కనపడుతున్నాయి. ఎండగా ఉంది. వాళ్లు ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నారు. నేను నలభై అడుగుల ఎత్తున రోడ్డు మీద, వేడెక్కిన ఇంజనుకి నీళ్లు పోస్తున్నాను.

1.40కి సూర్యావతి గారి పిలుపు వినపడింది.

"ఏవండీ, కొత్తనీరు! కొత్తనీరొచ్చిందండీ!"

వంగి చూశాను. వాగు ఎర్రబడింది. మా డెల్టాలో ఏటా గోదావరి కొత్తనీరు, అంటే వరద ఎర్రనీరు, కాలువల్లోకి వచ్చిన రోజు అందరం గట్టుకి వెళతాం. పసుపు కుంకుమ వేసి, నీళ్లు దోసిట పట్టి నెత్తిన పోసుకుంటాం. కాలువలో నీరు మెల్లగా పెరుగుతుంది. కొండవాగు ఎర్రబడిందంటే పైన ఎక్కడో కుంభవృష్టి పడి, ఆ నీళ్లు దిగుతున్నాయని. వెంటనే ఒడ్డెక్కాలి.

సాంబశివరాజు గారు బూట్లు విప్పి దిగారు. దోసిలి పట్టి నెత్తిన పోసుకున్నారు. "తమ్ముడూ, నువ్వూ రారా, మంచిది," అన్నారు. నేను పైకి రమ్మని అరుస్తూ పరుగెత్తాను. ఆయన నావైపు చూసి చెయ్యి ఊపారు. మూడో దోసిలికి వంగారు. నీళ్లు గోడలాగా వచ్చాయి. నేను గట్టు చేరేసరికి ఆయన లేరు. బూట్లు ఉన్నాయి, మేజోళ్లు మడిచి లోపల పెట్టి ఉన్నాయి.

సోమవారం ఉదయం 9.15కి మూడు కిలోమీటర్ల దిగువన, ఒక చెట్టు వేళ్లలో ఆ అడవిలో ఉండే కొండరెడ్లు ఆయన్ని చూశారు. గుర్తుపట్టింది నేనే.

ఎర్రనీరు సంగతి నేను ముందు చెప్పలేదు. జలగ సంగతి చెప్పాను, బూట్ల సంగతి చెప్పాను, అది చెప్పలేదు. హైదరాబాదు వాళ్లకయితే చెప్తాను, వాళ్లకి నీళ్ల సంగతి తెలియదని. వీళ్లు మా కాలువల వాళ్లు, నీళ్ల సంగతి వీళ్లకేం చెప్పాలి అనుకున్నాను.

ఇక్కడ, నా వాంగ్మూలం రాస్తున్న స్టేషన్ రైటర్ గారు కలం ఆపారు. "ఏమయ్యా, ఈ ముక్కతో కేసు నీ మీదికే వస్తుంది. చెప్పానంటే పోయేదిగా?" అన్నారు.

రాయండి అన్నాను. తన పిలుపు వల్లే ఆయన దిగారని సూర్యావతి గారు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. ఆవిడకి తెలియక పిలిచారు. నాకు తెలిసీ చెప్పలేదు. ఈ కాగితం ఆవిడకి చదివి వినిపించమని కోరుతున్నాను.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఒక్క మాట కూడా తీసెయ్యనక్కర్లేదు.

సంతకం: గుబ్బల దొరబాబు
12-8-2003, ఉదయం 11.30