చేతులు కడుక్కునే నీళ్లు

నల్లపాడు మిర్చి షెడ్డులో తొడిమలు తీస్తున్న కూలీ పక్కన చతికిలబడి, మాజీ మేయరు మిర్చి కూలీల కోసం తాను ప్రభుత్వానికి రాసిన సిఫారసులు చదివి వినిపించింది.

"ఎలా ఉన్నాయో చెప్పమ్మా."

"గ్లౌజులిమ్మని రాశారేంటండీ? అవి ఏసుకుంటే తొడిమ చేతికి దొరకదు. మండే చేతులు కడుక్కోను నీళ్లియ్యమనండి."

"కుళాయి నేనే వేయించాను కదా!"

"రిబ్బను కోసి మీరెళ్లారు. మీ ఎనకే నీళ్లూ ఎళ్లిపోయినయ్."

మాజీ మేయరుకు పచ్చిమిరపకాయ కొరికినట్టయింది.

"అప్పుడే చెప్పలేకపోయావా?"

"అప్పుడు మైకు మీ చేతిలో ఉందండీ."

ఆమె గ్లౌజుల మాట కొట్టేసి, 'నీళ్లు' అని రాసుకుంది.

"రేపు మంత్రిగారి దగ్గరికి నాతో రా. ఇది నువ్వే చెప్పాలి."

"అమ్మో, నాకు మాట్టాడ్డం రాదండీ!"

"నీళ్లు లేకుండానే నన్ను కడిగేశావుగా! అక్కడా అలాగే కడిగెయ్."