నెల్లూరు అవతలి దారి

రాజుపాలెం మిరపచేలో ఇద్దరాడవాళ్లు పక్కపక్క సాళ్లలో పండుకాయలు కోస్తూ, పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో మూటలు నెత్తిన పెట్టుకుని వేళాంగణ్ణి మాత గుడికి కాలినడకన బయల్దేరిన సంగతి తలుచుకుంటున్నారు.

"ఒంగోలు అవతల సముద్రం చూసి చిన్నపిల్లలాగా కేకలేశావు వదినా!" అంది ఆరోగ్యమ్మ.

"నువ్వు మాత్రం? చీరంతా తడుపుకున్నావు."

"కాళ్ల బొబ్బలు చితికి రెండు రోజులు ఏడ్చాం గూడా. నెల్లూరులో నాకు ఆ మాయదారి జ్వరం రాకపోతే గుడిదాకా కలిసే నడిచేవాళ్లం."

"నిన్ను ఆసుపత్రిలో వదిలిపోవాలంటే కాళ్లాడలేదే."

"పిల్ల బతికితే నడిచొస్తానని మొక్కింది నేను. మిగతా దారి నా బదులు నువ్వు నడిచావు. ఆ దారెట్టుంటదో ఎప్పుడూ చెప్పవేంది?"

"ఏముంది, అంతా అరవదేశం. కొల్లడం ఏరు మాత్రం చానా పెద్దది. రైలు వంతెన మీద ఎంతసేపు పోయినా అవతలి ఒడ్డు రాదు."

ఆరోగ్యమ్మ చేతులు ఆగిపోయాయి.

"రైలేంది వదినా?"

వదిన తల వంచుకుని కాయలు కోస్తూనే ఉంది.

"నువ్వు తిరిగొచ్చిన రోజు నీ కాళ్లు కడిగి, ఆ నీళ్లు నా పిల్ల నెత్తిన చల్లా. అప్పుడన్నా నోరు తెరవలేకపోయావా?"

"ఒక్కదాన్నే నడవాలంటే భయమేసిందే."

"ఆ మాట చెబితే నిన్నేమన్నా అనేదాన్నా? జ్వరం తగ్గాక నేనే నడిచేదాన్ని గదా!"

ఆరోగ్యమ్మ ఒడిలోని కాయలు గంపలో పోసి, కొంగు దులుపుకుని గట్టెక్కింది.

"ఏమే, యాడికి?"

"నెల్లూరుకి. అక్కణ్నుంచి నడుస్తా. నువ్వు రావొద్దు."