పీట మీద నిలబడిన వైద్యురాలు

1986 సెప్టెంబరు ఒకటవ తేదీన డాక్టర్ ఐలా కెట్టునెన్ గారు ఫిన్లండ్‌లోని బోత్నియా తీరాన ఉన్న మా ఆసుపత్రి హృద్రోగ విభాగంలో చేరారు. ఎక్స్-రే కిరణాల నుంచి సిబ్బంది రక్షణ బాధ్యతలు చూస్తున్న భౌతిక శాస్త్రజ్ఞురాలిగా ఆనాడు వారి దుస్తులకు, ఒంటి మీద పడే కిరణాల మోతాదును కొలిచే డోస్ బ్యాడ్జిని తగిలించింది నేనే. వారికన్నా ముందే ఉద్యోగ విరమణ చేసిన నేను వారి విరమణ సందర్భంగా వెలువడే ఈ సంచికకు రాయగలుగుతున్నది ఆ పరిచయ బలంతోనే.

ఆ రోజుల్లో గుండె రక్తనాళం మూసుకుపోయిన రోగిని తంపెరే నగరంలోని పెద్దాసుపత్రి దాకా మంచు రోడ్డు మీద మూడు గంటలు తీసుకుపోవలసి వచ్చేది. కొందరు దారిలోనే మరణించేవారు. 1991లో ఇక్కడే, ఎక్స్-రేలో చూస్తూ రక్తనాళంలోకి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్ ఏర్పడినప్పుడు, దానిని తమ వృత్తిగా ఎంచుకుంటామని ముందుకు వచ్చింది ఐలా గారొక్కరే. అప్పటి విభాగాధిపతి వారించారు.

"వయసులో ఉన్నదానివి, హాయిగా అల్ట్రాసౌండ్ చూసుకోక ఆ ఎక్స్-రే గదిలో నీకేం పనమ్మా?"

"నాకు పడని కిరణాలు మీకు మాత్రం పడతాయా సార్?"

అక్కడి నుంచి నేరుగా నా గదికి వచ్చి, ప్రమాదం ఎంతో చెప్పమన్నారు. నియమాలు పాటిస్తే స్వల్పమనీ, సున్నా అని మాత్రం చెప్పలేననీ అన్నాను.

"సున్నా అని చెప్పి ఉంటే నిన్ను నమ్మేదాన్ని కాదు వప్పూ," అన్నారు. మరునాడే సీసపు ఏప్రన్ ధరించారు.

దూరం పెరిగే కొద్దీ కిరణాల తీవ్రత క్షీణిస్తుంది గనుక, అవసరం లేనివారందరూ సీసపు అద్దం వెనుకకు వెళ్ళాలన్నది నేను విధించిన నియమం. రోగి రక్తనాళంలోని గొట్టం తన చేతిలో ఉన్నందున వైద్యురాలు మాత్రం కదలరాదు. పర్యవసానంగా, ఐలా గారు కాలితో ఎక్స్-రే పెడల్ నొక్కినప్పుడల్లా మేమందరం వెనుకకు తగ్గేవాళ్ళం. రోగి పక్కన వారొక్కరే మిగిలేవారు. తోటివారు రాత్రి పిలుపులు లేని పగటిపూట పనులకు, కుటుంబాలకు మళ్ళిపోగా, భోజనాల గదిలో కూడా వారి పక్క కుర్చీ తరచూ ఖాళీగానే ఉండేది.

1996 నాటి ఒక సంఘటనను ప్రస్తావించేందుకు వారే అనుమతించారు. ఆ శరదృతువులో వారి బ్యాడ్జిలో దాదాపు ఏమీ నమోదు కావడం లేదు. పని పెరిగి, డోసు తగ్గడం అసంభవం. వెళ్ళి చూస్తే బ్యాడ్జి వారి చలికోటు జేబులో ఉంది.

"పరిమితి దాటితే నన్ను ఆ గదిలోంచి తప్పిస్తావు. తప్పిస్తే వచ్చే రోగులు మళ్ళీ తంపెరే దారి పట్టాలి. ఏం చెయ్యమంటావు?"

"బ్యాడ్జి జేబులో పెడితే కిరణాలు కూడా జేబులోకి పోతాయా ఐలా?"

వాదించి ప్రయోజనం లేదని గ్రహించి, నేనూ ఏప్రన్ వేసుకుని ఒక రోజంతా వారి వెనుక నిలబడ్డాను. కారణం అప్పుడు బోధపడింది. ఐలా గారు పొట్టి మనిషి. తమ చేతికి అందేందుకు రోగి పడుకునే బల్లను బాగా దించేవారు. బల్ల కింద ఉన్న ఎక్స్-రే గొట్టానికి రోగి దగ్గరవడంతో, రోగి దేహం నుంచి చెదిరే కిరణాలు వారి మీద అధికంగా పడేవి. దోషం మనిషిది కాదు, ఎత్తుది. ఆవిరి స్నానపు గదుల్లో వాడే ఆస్పెన్ చెక్కతో, అదే వడ్రంగి చేత, ఒక వెడల్పాటి పీట చేయించాను.

నర్సు పిర్యో ఊరుకుంటారా? "ఏమ్మా ఐలా, పీట ఎక్కావు, బాగానే ఉంది. ఆవిరి కోసం వేడి రాళ్ళ మీద నీళ్ళు నన్ను చల్లమంటావా?"

బల్ల పైకి లేచింది. డోసు సగానికి తగ్గింది. బ్యాడ్జి మళ్ళీ యథాస్థానానికి చేరింది. ఆ పీట మీద నిలబడి ఐలా గారు బతికించినవారు నేటికీ మన సంతవీధిలో నడుస్తున్నారు.

వారి విరమణ తరువాత ఆ గదిలో ఎవరుంటారన్నది గత రెండేళ్ళుగా మనందరి ఆందోళన. శిక్షణలో ఉన్న డాక్టర్ రోన్యా హుర్మే కాఫీ వేళ నా ఎదుటనే అడిగారు:

"నిజం చెప్పండి ఐలా గారూ. నేను దీన్ని ఎంచుకోవచ్చా?"

"ఏప్రన్ మోసి మోసి నా నడుం పోయింది. ఎడమ కంట్లో శుక్లం. అది ఈ గది పుణ్యమో, వయసో వప్పు కూడా తేల్చలేదు. కాబట్టి భయపడు అమ్మాయీ, భయం ఉంటేనే సీసపు తెర సరిగ్గా దించుకుంటావు. బ్యాడ్జి మాత్రం దాచకు. అయితే ఇంకోటుంది, అది నాకెవరూ చెప్పలేదు. లోపల ఒక్కదానివే ఉంటావు."

రోన్యా గారు గడచిన గురువారం ఏప్రన్ కట్టుకుని, తాము పొడగరి గనుక పీటను కాలితో పక్కకు జరిపి, బల్ల దగ్గర నిలబడ్డారు. ఐలా గారు మొదటిసారి అద్దానికి ఇవతల, చూడవచ్చిన నా పక్కన ఉన్నారు. పెడల్ నొక్కిన చప్పుడయింది. అందరూ వెనుకకు తగ్గారు.

"ఇక్కణ్ణించి నేనింత ఒంటరిగా కనబడేదాన్నా వప్పూ?"

"అవును. అందుకే మేమెవరం ఈ అద్దం దగ్గర్నించి కదిలేవాళ్ళం కాదు."



ఐలా గారి కంటి శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరగాలనీ, నడుము నొప్పి శమించాలనీ, సరస్సు ఒడ్డున తమ కుటీరంలో సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలనీ ఆకాంక్షిస్తున్నాను. విభాగం ఐలా గారికి ఆ పీటనే కానుకగా ఇస్తున్నది. ఇన్నేళ్ళూ దాని మీద నిలబడిన మనిషి ఇక దాని మీద కూర్చోవచ్చు. అది ఇద్దరికి సరిపోయేంత వెడల్పు. చేయించిన నాకు తెలుసు. శనివారం కుటీరానికి వస్తాను ఐలా.