వెనక గుమ్మం పాట ఎవరిది?

మళ్లీ ఆ నోటుబుక్కేనా, హన్యూ గారూ? ఇరవై ఏళ్ల తర్వాత టోక్యో నుంచి రైలెక్కి ఇంత దూరం వచ్చింది, ఆ పాత నోటుబుక్కుని ఈసారి రంగుల్లో ఫొటో తీసుకోవడానికా? ఏం, అక్కడ మీకు పనేమీ దొరకడం లేదా?

కూచోండి. అలా నిలబడితే నాకు అడ్డం. పదకొండున్నరకి చేపల ఫ్యాక్టరీ వాళ్లు భోజనాలకి వచ్చేస్తారు, ఈలోపు మీ పని చూసుకుని వెళ్లిపోవాలి. ఇదిగో పులుసు. మర్యాద చేస్తున్నాననుకోకండి, పొద్దుటిది మిగిలింది. అందులో గోధుమ అప్పాలున్నాయి, నానిపోకముందే తినండి.

ఏంటీ, పుస్తకమా? 'మూడో రేవు: ముప్ఫై ఏళ్లు' అనా? ముప్ఫై ఏళ్లెక్కడివండీ? మేం ముగ్గురం కలిసి పాడింది నాలుగేళ్లు. తర్వాత వాళ్లిద్దరూ పాడింది ఎనిమిదేళ్లు. మిగతాదంతా మీలాంటివాళ్లు రాసుకున్నదే.

సరే, రాస్తానంటున్నారు కాబట్టి మొదట్నుంచీ సరిగ్గా రాయండి. పోయినసారి మీ పత్రికలో నా పేరు కూడా తప్పు రాశారు. ఇత్సుమి. షిమామొరి ఇత్సుమి. ఇత్సుకో కాదు.

మూడో నంబరు రేవులో ఐసు ఫ్యాక్టరీ వెనకాల మొదలెట్టాం, అందుకే మా బృందానికి ఆ పేరు. రికియా అక్కడే ఐసు దిమ్మలు మోసేవాడు. సుగాయా దగ్గర రికార్డులు తిప్పే యంత్రాలు రెండుండేవి. ఒకటి వాడిది, ఇంకోటి వాళ్ల మేనమామ కొడుకు దగ్గర అడిగి తెచ్చి ఇవ్వనిది. నాకు పంతొమ్మిదేళ్లు. నోరుండేది. ఈ ఊళ్లో నా అంత వేగంగా తిట్టగలిగే ఆడపిల్ల లేదని పేరు. రికియా అది విని వచ్చాడు. 'నన్నోసారి తిట్టు, దరువు వేస్తాను' అన్నాడు. తిట్టాను. అదే మా మొదటి పాట.

మొదటి కచేరీ మత్స్యకారుల సంఘం హాల్లో. ఏడుగురొచ్చారు. అందులో ఇద్దరు నిద్రపోయారు, ఒకాయన సంఘం చందా కట్టడానికొచ్చి చలికి అక్కడే కూచుండిపోయాడు.

మాది మా యాసేనండీ. రికియా టోక్యో భాషలో ఒక్క ముక్క పాడనన్నాడు. సెందాయ్‌లో పోటీకి వెళ్తే ముందు వరసలో పిల్లలు నవ్వారు. వాడు దరువు ఆపించాడు. 'నవ్వుకోవడం అయిందా? అయితే మళ్లీ మొదట్నుంచి' అన్నాడు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. ఇది రాయండి. ఇది నిజం. నేను పక్కనే ఉన్నాను.

ఏం చూస్తున్నారు? వాణ్ణి మెచ్చుకుంటున్నాననా? మెచ్చుకోవడం లేదు. జరిగింది చెబుతున్నాను.

కేసెట్లు మేమే చేసుకుని ఆదివారం పొద్దున్న సంతలో అమ్మేవాళ్లం, ఎండు పీతల వాళ్ల పక్కన చాప పరుచుకుని. మా అమ్మే ఆ చోటు ఇప్పించింది. అమ్మ కానాగంత చేపలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేది, సంతలో అందరూ తెలిసినవాళ్లే. ముగ్గురం మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే పాటలు కట్టేవాళ్లం. రికియాకి తల్లి లేదు. అమ్మ వాడికి రెండోసారి అన్నం వడ్డించేది. నాకు అడిగితేనే.

తర్వాత టోక్యో కంపెనీ. అక్కడి పెద్దమనిషి నన్ను కిందనించి పైదాకా చూసి, 'ఆడపిల్ల ఉంటే జనం పాట వినరమ్మా, పిల్లని చూస్తారు. వెనకాల నుంచుని రాగం తీస్తానంటే ఆలోచిద్దాం' అన్నాడు. రాగం. నేను. బయటికొచ్చి రికియాతో, 'వీడి మొహాన కొట్టి ఇంటికి పోదాం పద' అన్నాను. వాడు తలూపాడు. తలూపాడండీ, నా కళ్లతో చూశాను.

రెండు నెలల తర్వాత ఊళ్లో రికార్డుల కొట్టు అద్దానికి పోస్టరు పెట్టారు. 'మూడో రేవు, కొత్త ఆల్బమ్'. ఇద్దరే ఉన్నారు. అది ముగ్గురం కలిసి తీయించుకున్న ఫొటోయే. నన్ను కత్తిరించేశారు. సరిగ్గా కత్తిరించడం కూడా రాలేదు, నా జుట్టు కొస సుగాయా భుజం మీద ఉండిపోయింది.

నాకెవరూ చెప్పలేదు. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. రికియా కంపెనీకి సంతకం పెట్టేశాడు. చేపలు కొనుక్కుని ఇంటికెళ్తూ, సంచీ చేత్తో పట్టుకుని, వీధిలో నుంచుని తెలుసుకున్నాను.

ఇది మీ పత్రికలో రాశారా మీరు? లేదు. ఇది చిన్న విషయం కదా. కంపెనీలన్నాక ఇలాంటివి మామూలే అన్నారు నాతో. గుర్తుందా? మీకు కావలసింది వేరే.

ఐదేళ్ల తర్వాత 'వెనక గుమ్మం' వచ్చింది. మీకు నేను చెప్పక్కర్లేదు. టాక్సీల్లో అదే, మంగలి కొట్లో అదే, బళ్లో పిల్లల నోట అదే. పాటలో, చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తల్లి, వెనక గుమ్మం దగ్గరే ఆగిపోయి, మంచులో నుంచుని, చన్నీళ్లతో చేతులు కడుక్కుని, కమలా తొక్కలతో రుద్దుకుని, వాసన పోయిందని నమ్మకం కుదిరాక గానీ లోపలికి రాదు.

*ఇల్లు ఆమెదే, గుమ్మం ఆమెదే,*
*లోపలికి రావడానికి వేళింకా కాలేదే.*

ఊరంతా పోల్చుకుంది. ఇంకెవరు, షిమామొరి తొకి గారే. మా అమ్మే. కమలా తొక్కలు పంచలో ఎండబెట్టుకునేది ఈ వీధిలో ఆవిడొక్కతే. మా అమ్మ అయితే ఆ పాట నేనే రాసుండాలి కదా? కూతురు కాకపోతే ఎవరికి తెలుస్తుంది? పాపం ఇత్సుమిని వెళ్లగొట్టి, దాని పాట దొంగిలించారు. ఊరు అలా అనుకుంది. నేను అనలేదు. కాదనలేదు కూడా.

అప్పుడొచ్చారు మీరు. మంచి కోటు వేసుకుని. 'ఆ పాట మీరు రాసిందేనా?' అన్నారు.

నేనేమన్నాను? చెప్పండి, మీరే కదా అచ్చు వేశారు. 'ఎవరి అమ్మండీ ఆవిడ?' అన్నాను. అంతే. అందులో అబద్ధం ఏముంది? మీకది చాల్లేదు. 'రుజువేమైనా ఉందా' అన్నారు. నేను లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చాను.

ఏంటీ, అందుకే ఇప్పుడూ కావాలంటున్నారా? ఆగండి. తొందరెందుకు. అట్ట మీద 1995 అని ఉంది. లోపల పాట మొత్తం ఉంది, నా చేతిరాతతో. కొట్టివేతలున్నాయి, పక్కన ఎర్ర సిరాతో వేరే మాటలున్నాయి. మీరేం రాశారో నాకు కంఠతా వచ్చు. 'ఈ కొట్టివేతల్లో ఒక కవయిత్రి పడ్డ నొప్పి కనిపిస్తుంది' అని రాశారు.

నొప్పి నిజమేనండీ.

పాట విడుదలైన రోజు సీడీ కొనుక్కొచ్చాను. తలుపేసుకుని ఇరవైసార్లు విన్నాను. వింటూ రాసుకున్నాను, పాత నోటుబుక్కులో కాగితాలు మిగిలి ఉంటే అందులో. ఎందుకు? తప్పులు పట్టడానికి. నాకంటే వాడేం గొప్ప, ఈ మాట తీసి ఇంకో మాట వేస్తే ఇంతకంటే బాగుంటుందని చూపించాలని. ఎర్ర పెన్ను పట్టుకుని తెల్లారేదాకా కూచున్నాను. కొట్టేశాను, మార్చాను, మళ్లీ కొట్టేశాను. ఒక్క మాట కూడా మార్చలేకపోయాను.

తినండి, తినండి. నోరు తెరుచుకుని చూడకండి. మీరప్పుడు ఆ సిరా ఎన్నాళ్లదో ఎవరికైనా చూపించారా? నన్ను ఇంకో ప్రశ్న అడిగారా? రికియాకి ఒక్క ఫోన్ చేశారా? చేస్తే వాడేదో చెబుతాడని భయం. కథ పాడైపోతుందని. మీక్కావలసిన కథ పట్టుకుని మీరొచ్చారు, నాక్కావలసిన కర్ర మీరు ఇచ్చారు. ఇద్దరం కలిసే కొట్టాం.

తర్వాత సంగతి మీకూ తెలుసు. ఒసాకాలో పాట మొదలవగానే హాల్లో దొంగ, దొంగ అని అరిచారు. ఎవడో ముందే సిద్ధమై వచ్చాడట, కమలా తొక్కలు విసిరాడు. తర్వాత అందరూ విసిరారు. సుగాయా ఫోన్ చేసి చెప్పాడు నాకు. రికియా పాట ఆపలేదట. పాడుతూనే వంగి ఒక్కో తొక్కా ఏరి జేబులో వేసుకున్నాడట. పాట అయ్యాక దణ్ణం పెట్టి దిగిపోయాడట. 'నీకు సంతోషమేనా ఇత్సుమీ?' అని అడిగాడు సుగాయా. సంతోషమే అన్నాను. ఆ క్షణాన నిజంగానే సంతోషంగా ఉంది. అది కూడా రాసుకోండి.

ఆ తర్వాత కంపెనీ వదిలేసింది. సుగాయా నూడుల్స్ ప్రకటనలకి సంగీతం చేసుకుంటున్నాడు. రికియా ఊరికి తిరిగొచ్చి మళ్లీ ఐసు ఫ్యాక్టరీలోనే చేరాడు. పద్ధెనిమిదేళ్లయింది. రోజూ ఈ కొట్టు ముందునుంచే సైకిలు మీద వెళ్తాడు. 'ఈ ఏడు కానాగంత సన్నగా ఉంది' అంటాడు. 'ఔను' అంటాను. అంతకు మించి మా మధ్య ఒక్క మాట లేదు.

వాడెందుకు నోరు విప్పలేదు అంటారా? ఇన్నాళ్లకి సరైన ప్రశ్న అడిగారు.

మీ పత్రిక వచ్చిన రోజు అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. వెనకనుంచి కాదు. వీధి గుమ్మంలోంచి వచ్చింది. రబ్బరు బూట్లతో, పొలుసులంటుకున్న గుడ్డతో, చేతులైనా కడుక్కోకుండా వచ్చి నా ఎదురుగా భోజనాల బల్ల దగ్గర కూచుంది. ఆ వాసన ఇంట్లోకి రావడం అదే మొదలు. 'పాట నువ్వు రాశానన్నావటే?' అంది. 'ఆ పత్రికవాడే రాసుకున్నాడు' అన్నాను. అవునండీ, మీ మీదికి తోసేశాను. అమ్మ నమ్మలేదు.

'ఆ కుర్రాడు ఒకరోజు పెరటి దారిన వచ్చాడు,' అంది. 'పిన్నిగారూ, ఈ మంచులో ఎందుకు నుంచున్నారు, లోపలికి రండి అన్నాడు. చెప్పాను. అడిగాడు కాబట్టి చెప్పాను. నువ్వెప్పుడూ అడగలేదు.'

ఏం చెప్పిందో తెలుసా? నాకు తొమ్మిదేళ్లప్పుడు బళ్లో తల్లిదండ్రులొచ్చి పాఠాలు చూసే రోజు. అమ్మ పనిలోంచి సూటిగా వచ్చేసింది, ఆలస్యమవుతుందని. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. పక్కన కూచున్న పిల్ల, 'ఎవరే ఆవిడ, మీ అమ్మా?' అంది. నేను, 'కాదు, మా పక్కింటావిడ' అన్నాను. అమ్మకి వినబడింది. నాకూ తెలుసు, వినబడిందని. ఆ రోజు నుంచీ వెనక గుమ్మం దగ్గర ఆగడం మొదలెట్టింది. ఇరవై ఏళ్లు ఆగింది. నేను లోపల పొయ్యి దగ్గర కూచుని, ఈవిడకి ఇంత ఆలస్యమేంటి, ఆకలేస్తోంది అనుకునేదాన్ని.

రికియాకి ఇదంతా తెలుసు. బడి సంగతి తెలుసు. పాటలో అది ఉందేమో చూడండి. లేదు. అది పెడితే పాట ఇంకా గట్టిగా తగిలేది, పాటలు కట్టినదాన్ని, నాకు తెలుసు. పెట్టలేదు. ఒసాకాలో తొక్కలు పడుతున్నప్పుడు కూడా నోరు విప్పలేదు. పాట తనదేనని చెప్పాలంటే, ఆవిడ ఎందుకు ఆగిందో చెప్పాలి. నా సంగతి చెప్పాలి.

తొమ్మిదేళ్లప్పుడు కాదన్న అమ్మని, ఇరవైతొమ్మిదేళ్లప్పుడు మా అమ్మేనని మీకు చూపించుకున్నాను. ఫొటోతో సహా.

అమ్మ పోయి మూడేళ్లయింది. చివరిదాకా వీధి గుమ్మంలోంచే వచ్చింది. ఒక్కసారి కూడా కడుక్కుని రాలేదు.

నోటుబుక్కు లేదండీ. ఆ రాత్రే అమ్మ పొయ్యిలో పెట్టింది. నేను ఆపలేదు.

రాస్తారా? రాసుకోండి. ఈసారి నా పేరు సరిగ్గా రాయండి. రేపట్నుంచి ఫ్యాక్టరీ వాళ్లు నా కొట్టుకి రాకపోతే మానేస్తారు. మీ పేరు కూడా రాయండి, సిగ్గుపడకుండా, నా పేరు పక్కనే. మీ పాఠకులు మిమ్మల్నేమీ అనరు, వాళ్లకి కొత్త కథ దొరికింది కదా.

అలా జాలిగా చూడకండి. నేను మారిపోయానని, పశ్చాత్తాపపడ్డానని రాస్తే ఊరుకోను. వాడు చేసిన తప్పుకి నా దగ్గర సాక్ష్యం లేకపోయింది, అందరూ మామూలే అన్నారు. చెయ్యని తప్పుకి సాక్ష్యంగా మీరు దొరికారు. రెండూ నిజమే. ఒకటి రాసి ఒకటి వదలకండి.

ఏంటీ? వాడికి క్షమాపణ చెబుతానా అనా?

చెప్పను. మీ పుస్తకంలో చదివి తెలుసుకుంటాడు. నేను కూడా వీధిలో నుంచునే కదా తెలుసుకున్నాను.