రెండు గంటల కూత

తణుకు అవతల ఒక పంచదార ఫ్యాక్టరీ గేటు. టైమాఫీసు కిటికీకి ఇవతల చెరుకు కూలీ జయపాల్, అవతల గుమాస్తా కాశీవిశ్వనాథం.

"ఫ్యాక్టరీ కూత ఆపడమేంటయ్యా జయపాల్? అడిగే మాటేనా ఇది?"

"ఆపమనట్లేదండి. కొంచెం చిన్నగా..."

"అదేమైనా రేడియోనా, చెవి మెలిపెట్టి తగ్గించడానికి? మూడూళ్లు దాన్ని నమ్ముకునే అన్నానికి లేస్తాయి."

"నేనూ అలాగే లేచేవాణ్ణండి."

"మరి?"

"మా ఆవిడ వచ్చిందండి."

"దేవకుమారి వచ్చిందా? గల్ఫు నుంచా? ఎప్పుడు?"

"పది రోజులైందండి. యుద్ధమని విమానాలాపేశారు కదండి. మళ్లీ వదిలాక వచ్చేసింది."

"అదృష్టవంతుడివి. పేపరు చూస్తున్నా కదా. వాడి దగ్గరా అణుబాంబే, వీడి దగ్గరా అణుబాంబే. ఎవడో ఒకడు నొక్కుతాడు. తణుకూ ఉండదు, పంచదారా ఉండదు."

"అంతేనండి."

"అంతేనండి అంటావేంటి? భయం లేదా నీకు?"

"ఆ బాంబు సంగతి నాకు తెలీదండి. ఈ కూతే... రోజుకి మూడుసార్లండి."

"ఉలిక్కిపడుతోందా? కొత్తలో అలాగే ఉంటుందిలే."

"ఉలిక్కిపాటుకైతే మీదాకా రానండి. అక్కడ ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పని కదండి తనది. సైరన్ మోగితే వాళ్లని సెల్లారులోకి దింపాలంట. ఇక్కడ కూత వినపడగానే మా పిల్లలిద్దర్నీ చెరో చంకనా వేసుకుని మంచం కిందకి తోసేస్తుంది."

"మన ఫ్యాక్టరీదేనని చెప్పొచ్చుగా."

"ముందే చెప్తానండి. తలూపుతుంది. మోగాక మామూలే."

"చర్చిలో ప్రార్థన చేయించు."

"పాస్టరుగారు తలమీద చెయ్యేసి ఉండగానే మోగిందండి."

"అయ్యో. పోనీ, మంచం కిందేగా. కాసేపుండి వచ్చేస్తారు."

"పిల్లలు ఉంటారండి. తనుండదు. మళ్లీ రోడ్డు మీదకి పరిగెడుతుంది. నిన్న చెరుకు లారీ కిందే పడబోయింది. ఇవాళ మా అమ్మని తలుపుకి అడ్డం కూర్చోబెట్టి వచ్చాను."

"రోడ్డు మీదకెందుకయ్యా?"

"వెతకడానికండి."

"ఎవర్ని? పిల్లలిద్దరూ మంచం కిందే ఉన్నారంటివి."

"ఉన్నారండి."

"మరి?"

"టైమెంతైందండి?"

"ఒంటిగంటా యాభై. మాట మార్చకు. ఎవర్ని వెతుకుతుంది?"

"మాకు ఇద్దరేనండి. ఆ ఇంట్లో ముగ్గురంట."